తోటల్లో రైడ్లు ఎందుకు ఆపానో, మళ్లీ ఎప్పుడు మొదలుపెడతానో

అందరికీ నమస్తే. నెల్లూరులో మన సైకిల్ షాపుకి వచ్చేవాళ్లకి, ముఖ్యంగా ఆదివారం రైడ్లకి డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లకి ఇది రాస్తున్నాను. డిసెంబరులో వరసగా మూడు ఆదివారాలు పొదలకూరు వైపు జామాయిల్ తోటల రైడ్ క్యాన్సిల్ చేశాను. మెసేజ్‌లో "వాతావరణం బాగాలేదు" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నాను. అది సగం నిజమే. మిగతా సగం చెప్పకుండా మీ దగ్గర మళ్లీ డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

నవంబరు 9, కార్తీకమాసం ఆదివారం. వనభోజనాలూ రైడూ కలిపి పెట్టాం, మామూలుగా పది పన్నెండు మంది వచ్చేచోట ఇరవై ముగ్గురు వచ్చారు. అక్టోబరు చివర మొంథా తుపాను వానకి నేల ఇంకా ఆరలేదు, ముందురోజు రాత్రి మళ్లీ ఒక జల్లు పడింది. తోట మొదట్లో దిగి మట్టి చూశాను. మడమతో నొక్కితే గుంట పడింది, గుంటలో నీళ్లు ఊరాయి. అప్పుడే వెనక్కి తిప్పాల్సింది. కానీ వంటవాళ్లు అప్పటికే అవతలివైపు పొయ్యి పెట్టారు, పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లు ఉన్నారు, ఇంతమందికి ఇప్పుడు వద్దని ఎట్లా చెప్పాలి అని టెన్షన్ పడి పోనిద్దాం అనుకున్నాను. తప్పు అక్కడే జరిగింది, అది నాదే.

ఇరవై మూడు సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి ఒకే బాటలో వెళ్తే తడి నేల ఏమవుతుందో ఆ రోజు నాకు కనిపించలేదు. ఒక వేలు లోతు గీత కనిపించింది అంతే. బురద ఎక్కువ ఉన్న దగ్గర కొందరు పక్కకి తప్పుకుని గడ్డి మీదుగా పోయారు, అందువల్ల రెండడుగుల బాట నాలుగడుగులు అయింది. దిగుడులో వెనక బ్రేకు గట్టిగా పట్టి జారించుకుంటూ దిగినచోట మట్టి చెక్కినట్టు లేచిపోయింది. భోజనాలు చేసి, ఫొటోలు దిగి, ఆనందంగా ఇంటికొచ్చాం.

డిసెంబరు మొదట్లో దిత్వా తుపాను వానలు పడ్డాయి గదా, ఆ తర్వాత తోట పెద్దాయన ఫోన్ చేశారు. కోప్పడలేదు. "ఒకసారి వచ్చి చూసి పో అబ్బయ్యా" అన్నారు. వెళ్లాను. మనం వేసిన గీతే కాలువ అయింది. వానకి ముందు ఆ దారి నిండా జామాయిల్ ఆకు పరుచుకుని ఉండేది, నీళ్లు అటూ ఇటూ చెదిరిపోయి తోటలో ఇంకేవి. ఇప్పుడు పైనుంచి కింద దాకా నీళ్లన్నీ మన టైర్ల గాడిలో పడి, జానెడు లోతు కోసుకుంటూ దిగి, చివర ఉన్న మట్టిగట్టుని ఒక బారెడు మేర తెంచేశాయి. గట్టు కింద పెద్దాయన తమ్ముడుగారి వరినారు. మడిలో ఒక మూలంతా ఇసుక మేట వేసింది. నారు మొనలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. నేను తలదించుకుని నిలబడితే ఆయన ఒకటే మాట అన్నారు: "నీళ్లదేం తప్పుంది, దారి చూపిస్తే పోతాయి."

మన జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. వేరే ఊళ్లవాళ్లు పెట్టే వీడియోలు చూసి చలికాలం అంటే ఎండు ఆకులు, పొడి బాటలు అనుకుంటాం. మనకి చలికాలంలో మొదటి సగం వానాకాలమే, ఈశాన్య రుతుపవనాలే మన పంటకి ఆధారం. ఇక్కడ పుట్టి పెరిగినవాడిని, ఇది నాకు తెలియనిదేం కాదు. అయినా సీజన్ ప్లాన్ వేసేటప్పుడు నవంబరులో నాలుగు తోట రైడ్లు పెట్టేశాను.

గట్టు మళ్లీ వేశాం. మా మెకానిక్, నేను, మనతో తొక్కేవాళ్లు ఇద్దరు (ఎవరో మీకు తెలుసు, పేర్లు వద్దన్నారు), ఇంకా ఇద్దరు కూలీలు, రెండు రోజులు పట్టింది. ఇసుక మూటలు పేర్చి మట్టి కొట్టాం. పాడైన నారుకి డబ్బు ఇచ్చాను. ఆ కాలువ పడ్డ బాటకి పెద్దాయనే ఒక ఉపాయం చెప్పారు: నరికిన జామాయిల్ దుంగల్ని దారికి అడ్డంగా కాకుండా ఏటవాలుగా పాతి, వాటి మీద మట్టి కప్పితే, పైనుంచి వచ్చే నీళ్లు దుంగకి తగిలి పక్కకి మళ్లిపోతాయి. అలా ఏడుచోట్ల వేశాం. రైడుకి వచ్చినప్పుడు మీకు చిన్న చిన్న గుబ్బల్లా తగుల్తాయి. ముందు చక్రం కొంచెం లేపి దుంగకి సరిగ్గా ఎదురుగా దాటండి, ఏటవాలుగా ఎక్కితే తడి దుంగ మీద జారి పడతారు.

ఆ రోజుదే ఇంకో విషయం. మన అద్దె సైకిల్ తీసుకున్న ఒకాయన దిగుడులో పడి మోచేయి గీరుకుపోయింది, అక్కడున్నవాళ్లు చూశారు. వెనక బ్రేకు పట్టలేదు, కంగారులో ముందు బ్రేకు గట్టిగా నొక్కేసరికి ముందు చక్రం జారింది. బయల్దేరేముందు "అన్ని సైకిళ్లూ చెక్ చేశాం" అని మీ అందరి ముందు చెప్పాను. నిజానికి తొమ్మిది అద్దె సైకిళ్లలో ఆరే చూశాం, జనం ఎక్కువైన హడావిడిలో మూడు అలాగే ఇచ్చేశాం. ఆయన సైకిల్ ఆ మూడింట్లో ఒకటి. వెనక బ్రేకు ప్యాడ్ అప్పటికే అరిగి ఉంది, తడి ఇసుక పడితే ప్యాడ్ ఉప్పుకాగితం మీద రుద్దినట్టు అరుగుతుంది, మెత్తటి రెజిన్ ప్యాడ్లయితే ఒక్క బురద రైడులోనే చాలా భాగం పోతుంది. ఆయనకి కట్టు కట్టించి, ఖర్చు పెట్టుకుని, ఇంటికెళ్లి క్షమాపణ చెప్పాను. ఇప్పుడు తొమ్మిది సైకిళ్లకీ మెటల్ ప్యాడ్లు మార్చాం. కొంచెం శబ్దం చేస్తాయి, తడిలో కీచుమంటాయి, కానీ నిలబడతాయి. ఇకనుంచి ప్రతి అద్దె సైకిల్ హ్యాండిల్‌కి ఒక చీటీ కట్టి ఉంటుంది, అందులో బ్రేకులు, టైర్లు, చెయిన్ చూసిన తేదీ, చూసినవాళ్ల సంతకం. చీటీ లేని సైకిల్ మీ చేతికిస్తే తీసుకోకండి.

ఇక రైడ్ల సంగతి. వాన పడ్డాక ఎర్రగరప నేలలో కనీసం మూడు రోజులు తోటలోకి వెళ్లం. నల్లరేగడి ఉన్న దారులైతే వారం పైనే, ఎందుకంటే రేగడి టైరుకి అంటుకుంటూ పోయి చక్రం ఫోర్కులో ఇరుక్కుని తిరగకుండా అయిపోతుంది, అలాంటి దారుల్లో తొక్కినవాళ్లకి ఆ బాధ తెలుసు. మీరు సొంతంగా వెళ్లినా ఒక్కటి గుర్తుపెట్టుకోండి: టైరుకి మట్టి అంటుకుంటోందంటే అక్కడితో వెనక్కి తిరగండి. తప్పక దాటాల్సిన బురదగుంట ఉంటే మధ్యలోంచే పోండి, పక్కనుంచి పోతే దారి వెడల్పవుతూ పోతుంది.

వానరోజుల్లో మరి ఏం చేయాలి అంటే, సముద్రం వైపు వెళ్దాం. మైపాడు దగ్గర సరుగుడు తోపులు ఉన్నాయి గదా, అక్కడ అంతా ఇసుక. అలలు వచ్చిపోయేచోట నడిస్తే కాలు దిగదు, ఎండిన ఇసుకలో నడిస్తే చీలమండ దాకా దిగుతుంది. సైకిలుకీ అంతే. వాన పడిన మర్నాడే సరుగుడు తోపులో ఇసుక గట్టిగా ఉంటుంది, పైన సరుగుడు ఆకు మెత్తగా పరుచుకుని ఉంటుంది, నీళ్లు నిలవవు, గాడి పడినా రెండురోజుల్లో గాలికే పూడిపోతుంది. అదే ఫిబ్రవరి మార్చిల్లో వెళ్తే ఇసుక పొడిపొడిగా ఉండి తొక్కలేక దిగి నెట్టుకోవాలి. ఇన్నాళ్లూ మనం సరిగ్గా తిరగేసి చేశాం, వానల్లో తోటకి, ఎండల్లో సముద్రానికి. ఇకనుంచి వానవారం మైపాడు, పొడివారం పొదలకూరు.

ఇసుకకి వచ్చేముందు టైర్లలో గాలి తగ్గించుకోవాలి. రోడ్డు మీద 45, 50 పీఎస్ఐ పెట్టుకునేవాళ్లు తోటలో 30 దగ్గరికి, ఇసుకలో 25 దగ్గరికి దించండి. ట్యూబ్ టైరయితే అంతకంటే దించొద్దు, వేరుకి తగిలితే ట్యూబ్ రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి రెండుచోట్ల తెగుతుంది. సముద్రం రైడ్ అయిపోయాక ఆ రోజే మంచినీళ్లతో కడగండి, ఉప్పుగాలికి చెయిన్ రెండురోజుల్లో తుప్పు పడుతుంది. అయితే కార్లు కడిగే గన్ను మాత్రం పెట్టొద్దు. ఆ నీళ్ల వేగానికి హబ్బుల్లో, పెడల్ ఇరుసులో ఉన్న గ్రీజు బయటికి పోయి నీళ్లు లోపలికి చేరతాయి. బకెట్, మగ్గు, పాతగుడ్డ చాలు. పోయిన నెలలో ఈ కారణంగానే నాలుగు సైకిళ్లు షాపుకి వచ్చాయి.

పంక్చర్ల గురించి వేరే చెప్పక్కర్లేదు, సర్కారుతుమ్మ ముల్లు మీ అందరికీ తెలుసు. ట్యూబ్‌లెస్ చేయించుకున్నవాళ్లు లోపలి ద్రవం ఆరిందేమో చూపించుకోండి, మన ఎండలకి మూడునాలుగు నెలల్లో ఆరిపోతుంది. చూడ్డానికి డబ్బు తీసుకోను.

టైమింగ్ కూడా మారుస్తున్నాను. ఐదున్నరకి హెడ్‌లైట్లు పెట్టుకుని తోటల్లోకి పోవడం చాలామందికి ఇష్టం, మంచులో లైటు వెలుగు బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ అడవిపందుల కోసం పొలాల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగేవాళ్లు ఇంకా ఉన్నారు. అది నేరం, దాని మీద మనుషులే పోయిన సంఘటనలు పేపర్లలో ఎన్నో చదివాం. చీకట్లో ఆ తీగ కనిపించదు. జనవరిలో మనకి ఆరున్నర దాటాక గానీ పొద్దు పొడవదు. కాబట్టి బాగా తెల్లారాకే, ఆరూ నలభైఐదుకి తోటలో అడుగుపెడతాం. ముందు వచ్చినవాళ్లు రోడ్డు మీదే ఆగాలి. నరికిన తోటల్లో గడ్డి కింద జామాయిల్ మోడులు కూడా ఉంటాయి, పెడల్ తగిలిందంటే మనిషి ఎగిరి పడతాడు, వెలుతురులో అయితే తప్పుకోవచ్చు.

"పెంచలకోన అడవిలోకి ఎందుకు తీసుకెళ్లవు అన్నా" అని ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతున్నారు. అది పెనుశిల నరసింహ అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. పైగా వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది, దొంగరవాణా మీద అటవీశాఖవాళ్లు రాత్రింబవళ్లు కాపలా ఉంటారు, పొద్దున్నే బ్యాగులు తగిలించుకుని అడవిబాటలో పోతే వాళ్లు ఆపి అడగడం న్యాయమే. ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్న చోటు. గుడి దాకా తారురోడ్డు మీద వెళ్లి, స్వామి దర్శనం చేసుకుని వచ్చే రైడ్ అయితే ఫిబ్రవరిలో పెడతాను. కొండ ఎక్కే బాటలు అడగొద్దు, ఎంత డబ్బిచ్చినా తీసుకెళ్లను.

డబ్బు లెక్క. క్యాన్సిలైన మూడు రైడ్లకి కట్టినవాళ్లు పదకొండు మంది. ఆరుగురికి తిరిగి పంపేశాను, ఐదుగురు జనవరికి ఉంచమన్నారు. ఎవరికైనా అందకపోతే షాపుకి రండి, రసీదు లేకపోయినా పర్లేదు, నా పుస్తకంలో పేరుంది. అద్దె ఈ సీజన్ పెంచను అని దసరాకి చెప్పాను, ఆ మాట మీదే ఉన్నాను, గట్టు ఖర్చు మీ మీద వేసేది లేదు. కానీ తోట రైడుకి ఇకనుంచి పదిహేను మందే. ఇంకో మార్పు, ఒక్కొక్కరు కట్టేదాంట్లో యాభై రూపాయలు తోటవాళ్లకి ఇస్తాను. ఇన్నాళ్లూ వాళ్ల దారిలో ఉచితంగా తొక్కి, మనం మాత్రం రైడ్ ఫీజు తీసుకున్నాం. పెద్దాయన వద్దంటున్నారు. ఇచ్చే తీరతాను.

కొత్త సైకిల్ కొనాలనుకునేవాళ్లకి ఒక మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. షాపులో పాత స్టాకుకి కూడా తగ్గించిన ధరే వేశాను, పాత రేటు స్టిక్కర్ ఎక్కడైనా కనిపిస్తే అడగండి.

మొదటి తోట రైడ్ సంక్రాంతికి ముందు ఆదివారం, జనవరి 11న. మధ్యలో ఆగి పులిబొంగరాలు తిందాం, పెద్దాయన ఇంట్లోవాళ్లే పోసిస్తామన్నారు, వాటికి వేరే డబ్బు ఇవ్వండి. రైడ్ ఉందా లేదా అన్నది శనివారం సాయంత్రం దాకా నాకూ తెలియదు. ఆ రోజు నాలుగింటికి పెద్దాయన తోటలోకి వెళ్లి మడమతో నొక్కి చూసి ఫోన్ చేస్తానన్నారు. ఆయన సరే అన్నాకే మీకు మెసేజ్ వస్తుంది. వద్దంటే మైపాడు.