నోట్లు అచ్చుగొడితే అప్పులు తీరుతయా?

సంపాదకులు గారికి నమస్కారం.

నాది వరంగల్ కాశిబుగ్గల చిన్న కిరాణం షాపు, ఇరవై రెండేండ్ల సంది నడుపుతున్న. పేపర్‌కు రాసుడు ఇదే ఫస్ట్ టైం, తప్పులుంటే సరిజేసుకోన్రి. పొద్దున పూట మా షాపు ముంగట నలుగురైదుగురు పేపర్ సదువుకుంట జమైతరు, అప్పులు, జీతాలు, పెన్షన్ల ముచ్చట రాంగనే ఎవలో ఒకలు "మిషిన్ సర్కారుదే, కాగితం సర్కారుదే, నోట్లు అచ్చుగొట్టి అందరి అప్పులు కడితే అయిపాయె గదా" అంటరు. సదువుకున్నోళ్లు గూడ అంటున్రు, గదే నాకు గుబులు.

మా మేనల్లుడు ఆన్‌లైన్ల జింబాబ్వే నోటొకటి కొనుక్కొచ్చి నా గల్లా పెట్టె మీద అద్దం కింద పెట్టిండు. 2009 జనవరిల దిగిన నోటు, 1 పక్కన 14 సున్నాలు, వాళ్లు 100 ట్రిలియన్ అంటరు, మన లెక్కల కోటి కోట్లు. ఒక దిక్కు ఒకదాని మీదొకటి పేర్చినట్లు బండలుంటయ్, అచ్చం మన హన్మకొండ గుట్టల లెక్క, ఇంకో దిక్కు జలపాతం, అడవి బర్రె. గంత నోటు ఇచ్చినా వాళ్ల రాజధాని హరారేల బస్సు టికెట్ రాకపోయేదట. 2015ల పాత నోట్లు వాపస్ తీసుకున్నప్పుడు దీనికి 40 అమెరికా సెంట్లు కట్టిచ్చిన్రు, బ్యాంకు ఎకౌంట్ల 1750 కోటి కోట్ల దాకా ఉన్నోళ్లకు మొత్తం కలిపి 5 డాలర్లు చేతుల పెట్టిన్రు. జీవితమంతా దాసుకున్నది గది.

అక్కడ 2000 సంది పొలాలు గుంజుకునుడుతోని పంట పడిపోయింది, సర్కారుకు ఆమ్దాని లేదు, ఖర్చులకు వాళ్ల రిజర్వ్ బ్యాంకు నోట్లు కొట్టుకుంట పోయింది. సరుకు తక్కువ, నోట్లు ఎక్కువ అయ్యేసరికి రేట్లు ఆకాశానికి పోయినయ్. 2007ల రేట్లు సగానికి తగ్గించాలని ఆర్డర్ ఏసిన్రు, దాంతోని షాపులు ఖాళీ. నేనైనా గంతే, 100కు తెచ్చిన సరుకు 50కి అమ్మమంటే షట్టర్ గుంజుకోని ఇంట్ల పండుకుంట.

నేను అసలు రాద్దామనుకున్నది మాత్రం ఉద్దెర గురించి. నా దగ్గర పొడుగు పుస్తకం ఒకటి ఉంటది, నూనె మరకలతోని అట్ట నల్లగైంది, అండ్ల ఎనుమాముల మార్కెట్ల బస్తాలు మోసే హమాలి ఒకాయన పేజీ ఉంది. 25 కిలోల బియ్యం బస్తా 1400కు రాయించుకుంటడు, మిర్చి సీజన్ల పని దొరకంగనే కడతడు, ఒక్కసారి గూడ ఎగ్గొట్టలే. రేట్లు నెలకు 50 శాతం పెరిగితే దాన్ని హైపర్ ఇన్‌ఫ్లేషన్ అంటరని 1956ల కేగన్ అనే ఆర్థికవేత్త లెక్క పెట్టిండట. ఆ లెక్కన ఈయన మూడు నెలలకు 1400 తెచ్చి నిజాయితీగ నా చేతుల పెట్టినా మిల్లు కాడ నాకొచ్చేది ఏడు కిలోల పైచిలుకు బియ్యమే. ఆయన మంచోడే, నేను మంచోన్నే, కానీ రెండో బస్తా నేను ఇయ్యలేను. ఇంక ఆయన పిల్లలు పనిలేని నెలల ఏం తినాలె? అదే లెక్క ఏడాదికి పట్టుకుంటే 130 రెట్లయితది, 50 రూపాయల కిలో బియ్యం 6500.

అప్పున్నోళ్లకు లాభమే గదా అంటడు మా పక్క టైలర్. నిజమే, పాత బాకీ చాయ్ పైసలతోని తీరిపోతది, జర్మనీల 1923ల గట్లనే అయింది, అప్పున్నోళ్లు బయట పడ్డరు, బ్యాంకుల దాసుకున్నోళ్లు మునిగిన్రు. కానీ వచ్చే వానకాలం ఇత్తనాలకు పైసలు ఎవడిస్తడు? పత్తి అమ్మి తక్‌పట్టీ, అంటే మార్కెట్ల ఇచ్చే చిట్టీ, చేతుల పట్టుకోని పైసల కోసం వారం తిరిగే రైతుకు ఆ వారంలనే పైసల విలువ కరిగిపోతది. జర్మనీల కూలి రోజుకు రెండుసార్లు ఇచ్చేటోళ్లట, పైసలు చేతికి రాంగనే ఇంట్లోళ్లు షాపుకు ఉరికేటోళ్లు.

వెనెజులాల 2016ల కొందరు షాపోళ్లు నోట్లు లెక్కపెట్టలేక కాంటా మీద తూకమేసి తీసుకున్నరు. నాకది సదివి నవ్వొచ్చింది, తర్వాత నా కాంటా దిక్కు చూస్తే నవ్వు ఆగిపోయింది. అక్కడ 2008ల 3, 2018ల 5, 2021ల 6, మొత్తం 14 సున్నాలు వాళ్ల పైసల లెక్కల నుంచి కొట్టేసిన్రు, 70 లక్షల మందికి పైన దేశం ఇడిసి పోయిన్రు.

మన దగ్గర రేట్లు పెరుగుతలేవని కాదు, నూనె ప్యాకెట్ రేటు చెప్తే రోజూ తిట్లు తినేది నేనే. కానీ రేట్లు పెరుగుడుకు మన రిజర్వ్ బ్యాంకుకు సర్కారు పెట్టిన గురి ఏడాదికి 4 శాతం, అది దాటితే అడగాలె, గట్టిగనే అడగాలె. దానికి మందు నోట్ల మిషిన్ అంటేనే నాకు మండుతది.

మీకు ఒక్కటే మనవి. గసొంటి దేశాల వార్త ఏసినప్పుడు నోట్ల కుప్ప ఫొటో పెట్టి జోక్ రాయకున్రి. అక్కడ టీచర్ జీతమెంత, ఆ జీతానికి ఎన్ని కిలోల పిండి వస్తది, పక్కపక్కన ఏయిన్రి, మా షాపు ముంగటోళ్లకు అది చాలు. ఫొటోనే కావాలంటే నా ఉద్దెర పుస్తకం ఉంది, పేర్లు కనవడకుంట తీసుకోన్రి.

ఇట్లు,
ఒక కిరాణం షాపాయన,
కాశిబుగ్గ, వరంగల్