శనివారం క్లైంబ్: ఐస్ యాక్స్‌లు బ్యాగ్‌కి ఇలా కట్టండి

అందరికీ నమస్తే! శనివారం ఉదయం 5 గంటలకు బయలుదేరుతున్నాం. శుక్రవారం సాయంత్రం 6కి బ్యాగ్‌ల చెక్ ఉంది, సర్దుకునే రండి.

ఈసారి ముఖ్యంగా చూసేది ఐస్ యాక్స్ (మంచు మీద ఎక్కేటప్పుడు వాడే గొడ్డలి). బ్యాగ్ అడుగున ఉన్న లూప్‌లోకి, కింది మొన ముందుగా వెళ్లేలా, కర్రని పైనుంచి దించండి. తల లూప్ దగ్గర ఆగాక కర్రని పైకి తిప్పి, పై స్ట్రాప్‌తో గట్టిగా బిగించండి. ఇప్పుడు తల కిందికి, మొన పైకి ఉంటాయి. పిక్ (తలకి ఒకవైపు ఉండే పొడవాటి సూది కొస) బ్యాగ్ మధ్యవైపు తిరిగి ఉండాలి, బయటికి కాదు.

పైకి వచ్చిన ఆ మొనే వెనకున్నవాళ్ల కంటికి ప్రమాదం. అందుకే పిక్‌కి, అడ్జ్‌కి (తలకి రెండోవైపు ఉండే వెడల్పాటి అంచు), మొనకి రబ్బరు తొడుగులు తప్పనిసరి. తొడుగు లేనివాళ్లు ఈరోజే గ్రూప్‌లో చెప్పండి, నా దగ్గర కొన్ని అదనంగా ఉన్నాయి.

లీష్ (యాక్స్‌ని చేతికి తగిలించుకునే పట్టీ) వేలాడనివ్వకండి, కర్రకి చుట్టేయండి.

బండి ఎక్కేముందు యాక్స్ విప్పి డిక్కీలో పెట్టాలి. గుంపులో గబుక్కున వెనక్కి తిరగొద్దు (ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా!).

వాలు మొదలయ్యే ముందే యాక్స్ చేతిలోకి రావాలి. జారాక బ్యాగ్ మీదున్న యాక్స్ అందదు.

చదివినవాళ్లు 👍 పెట్టండి.