మైక్రోస్కోపు వచ్చింది, దారం రాలేదు: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా విభాగం నుంచి పంపిన వినతిపత్రాలు మీ దాకా వచ్చాయో లేదో తెలియదు. కొన్నింటికి రసీదు ఇచ్చారు, కొన్నింటికి అదీ లేదు. ఒకదానికి మాత్రం జవాబొచ్చింది: "మీ విన్నపం తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగానికి పంపడమైనది" అని. ఆ సంబంధిత విభాగం మేమే. మేం రాసిన కాగితమే ముద్ర వేయించుకుని మా టేబుల్ మీదికి తిరిగొచ్చింది. ఇక ఇలా అందరి ముందూ రాయడం తప్ప దారి కనపడలేదు. అమర్యాద అనుకోకండి.

విషయం మీకు తెలిసిందే, సర్జన్లు చేతిపని సాధన చేసే సర్జికల్ స్కిల్ ల్యాబ్. రిబ్బన్ కత్తిరించింది మీరే కాబట్టి అది ఏ పథకమో, ఎందుకు పెట్టారో మళ్లీ చెప్పను. క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేయాల్సి వచ్చిన ఏ మహిళైనా, తాను కోరుకుంటే, పునర్నిర్మాణం ప్రభుత్వ ఆసుపత్రిలోనే చేయించుకోగలగాలి, దానికి కావలసిన సర్జన్లను ఇక్కడే తయారు చేస్తాం అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడా ల్యాబ్‌లో మంచి మైక్రోస్కోపు ఉంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకేచోట చూడగలిగే రకం. దాన్ని తప్పుపట్టడానికేం లేదు. దానికింద కుట్టడానికి దారం లేదు, అంతే. 9-0, 10-0 నైలాన్ దారాలు కావాలని ఇండెంట్ (సరఫరా కోరే పత్రం) పెట్టాం. జాబితాలో లేవన్నారు. జాబితాలో చేర్చమని రాశాం. దానికి కమిటీ కూర్చోవాలన్నారు. చివరికి ఒకరోజు స్టోర్ నుంచి పెట్టె వచ్చిందని పీజీలు పరుగెత్తుకెళ్లి విప్పితే అందులో 3-0 సిల్కు దారం ఉంది. సున్నా ముందు అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని, 3-0 చర్మం కుట్టడానికి, 10-0 వెంట్రుక కన్నా సన్నమని ఫోన్‌లో చెప్పాను. "దారం దారమే కదండీ, ప్రాక్టీసుకే కదా" అన్నారు అటునుంచి. ఏం చెప్పమంటారు?

ఆ ప్రాక్టీసు దేనికో మీకోసం కాదు, మీ పేషీలో ఫైళ్లు చూసేవారి కోసం చెప్తాను. డీప్ ఫ్లాప్ అనే ఆపరేషన్‌లో పొత్తికడుపు దగ్గరి చర్మాన్ని, కొవ్వును దాని రక్తనాళాలతో సహా విడదీసి తెచ్చి, ఛాతీలో పక్కటెముక మృదులాస్థి కింద ఉండే నాళాలకు కలుపుతాం. పొట్ట కండరాన్ని అక్కడే వదిలేస్తాం. ఆ నాళాల వెడల్పు సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు. చుట్టూ వేసే కుట్లలో ఒక్కటి పొరపాటున వెనక గోడను కూడా పట్టుకుందంటే దారి మూసుకుపోతుంది. లోపల గడ్డకడుతుంది. తెచ్చిపెట్టిన కణజాలం, అంటే ఫ్లాప్, మొత్తం చచ్చిపోతుంది. అప్పుడా మహిళకు పొట్ట మీద పొడవాటి కోత మిగులుతుంది, ఛాతీ మాత్రం రొమ్ము లేకుండా అలాగే ఉంటుంది.

ఇదేమీ నిన్న పుట్టిన విద్య కాదు. మైక్రోస్కోపు కింద సన్న నాళాలను కలపవచ్చని జాకబ్సన్, సువారెజ్ 1960లోనే చూపించారు. పొట్ట కండరంతో సహా కణజాలాన్ని తెచ్చి రొమ్ము చేసే పద్ధతిని హార్ట్‌రాంఫ్ బృందం 1982లో ప్రచురించింది. కండరం పోతే పొట్ట గోడ బలహీనపడుతోందని, దాన్ని వదిలేసి నాళాలతోనే పని నడిపించవచ్చని 1989లో కోషిమా చూపిస్తే, 1994లో అలెన్, ట్రీస్ దాన్ని రొమ్ము పునర్నిర్మాణానికి వాడారు. మా పీజీలు దాన్ని ఇప్పటికీ వీడియోల్లో చూస్తున్నారు. చూస్తే చేతికి రాదు మంత్రిగారూ.

చేతికి వచ్చే దారి అందరికీ తెలిసిందే. మొదట గ్లవ్ రబ్బరు మీద, తర్వాత సన్నటి సిలికాన్ గొట్టాల మీద, ఆ తర్వాత కోడి తొడలో ఉండే నాళం మీద కుడతారు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్నచోట చివరగా మత్తిచ్చిన ఎలుక మీద. మనిషి దగ్గరికి ఆ తర్వాతే. కుట్టిన చేతిని మార్కులేసి కొలిచే పద్ధతులు కూడా ఉన్నాయి. టొరంటోలో తయారైన ఓశాట్స్ అనే అంచనా విధానం 1997 నుంచీ అందుబాటులో ఉంది. కానీ మా దగ్గర ఏం జరుగుతోందంటే, థియేటర్‌లో ఎక్స్‌పైరీ అయిపోయిన కుట్ల ప్యాకెట్లను సిస్టర్లు దయతలచి పక్కన పెడతారు. వాటి కోసం పీజీలు వంతులు వేసుకుంటారు. మైక్రోస్కోపు గదికి తాళం. తాళంచెవి టెక్నీషియన్ దగ్గర ఉండాలి. టెక్నీషియన్ పోస్టు మంజూరైంది కానీ భర్తీ కాలేదు. అందుకని ఒక అమ్మాయి డ్యూటీ అయ్యాక హాస్టల్‌లో ఫోన్ కెమెరా జూమ్ చేసి, పుస్తకాల దొంతరకు ఆనించి, దానికింద గ్లవ్ ముక్క మీద కుడుతోంది. స్క్రీన్ మీద సూది కదలిక అర సెకను ఆలస్యంగా కనిపిస్తుంది. చెయ్యి ముందు వెళ్తుంది, కన్ను వెనక వస్తుంది. అలా నేర్చుకుంటే చెడ్డ అలవాటు పడుతుందని తిట్టాను. "మరి ఎలా నేర్చుకోమంటారు సర్?" అంది. నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గర ఉందేమో కనుక్కుని చెప్తానన్నాను. అందుకైనా ఈ లేఖకు బదులివ్వండి.

ఈ లోపు వార్డులో మేం చెప్తున్న మాట ఒకటే: "ముందు జబ్బు తగ్గనివ్వమ్మా, రొమ్ము సంగతి తర్వాత చూద్దాం." కొందరి విషయంలో అది సరైన సలహానే. తర్వాత రేడియేషన్ ఇవ్వాల్సి ఉంటే ఆగడంలో అర్థముంది. కానీ ఆగనక్కర్లేని వాళ్లకూ అదే మాట చెప్తున్నాం. చేసే చేతులు చాలక చెప్తున్నాం. ఆ "తర్వాత" ఎప్పుడని రెండోసారి ఎవరూ అడగరు. రావడమే మానేస్తారు. పునర్నిర్మాణం వద్దనుకునే మహిళలూ చాలామంది ఉన్నారు, అది వాళ్ల ఇష్టం, దాన్నీ గౌరవించాలి. అయితే వద్దనుకోవడం వేరు, లేదని తెలిసి ఊరుకోవడం వేరు. మా ప్రతిపాదన మీద మీ శాఖలో ఒకరు "సౌందర్య చికిత్సల కిందికి వస్తుంది, ప్రాధాన్యం లేదు" అని రాశారు. 1998లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, రొమ్ము తొలగింపుకు డబ్బు చెల్లించే బీమా పునర్నిర్మాణానికీ చెల్లించాలి, రెండు వైపులా సమంగా ఉండేందుకు రెండో రొమ్ముకు చేసే ఆపరేషన్‌కు కూడా చెల్లించాలి. ఆ చట్టసభలో కూర్చున్నవాళ్లకు అందం పిచ్చి అనుకోవాలా?

సర్జన్ ఒక్కడితో అయ్యే పని కూడా కాదిది. ఆపరేషన్ అయ్యాక మొదటి ఒకటి రెండు రోజులే అసలు టెన్షన్. ఎక్కువగా మూసుకుపోయేది సిర. ఫ్లాప్ ఉబ్బి నీలం తిరుగుతుంది. ఆ సంగతి రాత్రి రెండింటికి గుర్తుపట్టాల్సింది నర్సు. గంట గంటకూ రంగు, వెచ్చదనం చూసి, వేలితో నొక్కి వదిలితే రక్తం ఎంత త్వరగా తిరిగొస్తోందో గమనించి, డాప్లర్ పరికరం పెట్టి రక్తప్రవాహం చప్పుడు వినాలి. వెంటనే పిలిస్తే మళ్లీ తెరిచి కాపాడుకోవచ్చు, తెల్లారాక పిలిస్తే ఏమీ మిగలదు. ఇలా చూడటం నేర్చుకున్న సిస్టర్లను ఒకే ఉత్తర్వుతో వేరే వార్డులకు మార్చేశారు. అదీ రాశాం. "సాధారణ బదిలీలు" అని జవాబు.

పరిశోధన గురించి అడగడానికి నోరు రావడం లేదు. దారమే ఇవ్వనివాళ్లను డేటా అడగడం అత్యాశే. అయినా అడుగుతాను. మేం చేసిన కొద్దిపాటి ఆపరేషన్ల తర్వాత ఆ మహిళలు ఎలా ఉన్నారు? సంతృప్తిగా ఉన్నారా? ఛాతీ నొప్పి పుడుతోందా? రోగి నోటితోనే ఇవన్నీ చెప్పించి కొలిచే బ్రెస్ట్-క్యూ అనే ప్రశ్నావళి 2009 నుంచి ఉంది. దాన్ని అనుమతి తీసుకుని వాడటానికి, నమోదు చేయడానికి ఒక డేటా ఆపరేటర్‌ను అడిగాం. ఇంప్లాంట్ల (రొమ్ము ఆకారం కోసం లోపల అమర్చే సిలికాన్ సంచుల) సంగతి ఇంకా భయంగా ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన పిప్ కంపెనీ పరిశ్రమల్లో వాడే సిలికాన్‌ను ఇంప్లాంట్లలో నింపిందని 2010లో బయటపడ్డప్పుడు, ఎవరి ఒంట్లో ఏది ఉందో చెప్పగలిగే రికార్డు బ్రిటన్‌లాంటి దేశంలోనే సరిగా లేదు. 2019లో ఒక రకం గరుకు ఇంప్లాంట్లను, అరుదైన లింఫోమా రకం క్యాన్సర్‌తో సంబంధం ఉందని, మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. రేపు అలాంటి కబురు వస్తే మేం ఎవరికి ఫోన్ చేయాలి? ఇంప్లాంట్ స్టిక్కర్ కేస్ షీటుకు అంటిస్తాం, కేస్ షీటు రికార్డు గదికి వెళ్తుంది, రికార్డు గది సంగతి మీరు తనిఖీకి వచ్చినప్పుడు చూశారు కదా. అదే, చూడలేదు. అటువైపు దారి బాగోలేదని మిమ్మల్ని ఇటు తిప్పి తీసుకెళ్లారు.

మా కోరికలు పెద్దవేమీ కావు. దారం ఇప్పించండి. ఖాళీగా ఉన్న టెక్నీషియన్ పోస్టు నింపండి. నేర్పేవాళ్లకు వారంలో ఒక పూట ఓపీ నుంచి విడుదల ఇవ్వండి. నేర్చుకున్న నర్సులను కదపకండి. ఎవరికి ఏ ఆపరేషన్ చేశామో, ఏ ఇంప్లాంట్ పెట్టామో నమోదు చేసే రిజిస్ట్రీ పెట్టండి, సాఫ్ట్‌వేర్ వద్దు, ఒక మనిషి, ఒక కంప్యూటర్ చాలు. ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే దారంతోనే మొదలుపెట్టండి. దయచేసి ఈ లేఖ చూసి ఇంకో మైక్రోస్కోపు మాత్రం పంపకండి.

ఇండెంట్ మీ శాఖ కొనుగోళ్ల విభాగంలోనే ఉంది. కొత్త పీజీలు చేరే సమయం దగ్గరపడింది. చేరిన రోజునుంచే వాళ్ల మూడేళ్ల శిక్షణ లెక్కలోకి వస్తుంది, ల్యాబ్ తెరిచినా తెరవకపోయినా. వాళ్లు వచ్చేలోపు ఆ ఒక్క సంతకం చేయించండి.

ఇట్లు,
ప్రభుత్వ వైద్య కళాశాలలో ప్లాస్టిక్ సర్జరీ బోధించే ఒక అధ్యాపకుడు