కళ్ళం సాలకు ఉగాది దాకా తాళం

సంక్రాంతికీ, రథసప్తమికీ మా కళ్ళం సాల (ఒకప్పటి ఎద్దుల సాల, ఇప్పుడు బసకు అద్దెకిచ్చే పెంకుటిల్లు) బుక్ చేసుకున్న వారందరికీ: కప్పు వాసాలు పుచ్చాయి, ఈసారి సాల ఇవ్వలేం. ఫోన్లో ఒక్కొక్కరికీ చెబుతుంటే ప్రతిసారీ ఏదో ఒక ముక్క మిగిలిపోతోంది. "పెంకు తీసి ఆ రేకు షీటేదో వేసేస్తే పోతుంది కదండీ" అన్నవారికి జవాబు ఫోన్లో తెమిలేది కాదు. అందుకే ఇలా రాస్తున్నాం.

డబ్బు సంగతి ముందు. అడ్వాన్సు పైసా కోత లేకుండా వెనక్కి వేస్తున్నాం. ఆమదాలవలసకు రైలు టిక్కెట్లు కూడా తీసేసుకున్నవారికి పెద్దింట్లో రెండు స్లాబు గదులున్నాయి. గదికి నలుగురు పడతారు, అద్దె సాలలో సగం. వంట మామూలే. కానీ రెండు కుటుంబాలు ఒకే కప్పు కింద వరసగా పడుకోవడం, పిల్లలు అటకెక్కి దిగనని మొండికేయడం, అవేవీ ఉండవు. వాటికోసమే వచ్చేవారు ఆగడమే మేలు.

ఇక అసలు విషయం. సాల కప్పు తూర్పు వాలు వాసాలకు పుచ్చు పట్టింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు సముద్రం వైపు కప్పు దెబ్బతింది. ఆ తర్వాత ఆ వైపు వాసాలన్నీ కొత్తవి వేయించాం. పడమటి వాలువి మాత్రం ఇది ఎద్దుల సాలగా ఉన్నప్పటి పాత తాటి వాసాలే. వాటికి ఈనాటికీ ఏమీ కాలేదు. రాలుతున్నదంతా కొత్తవాటి నుంచే.

చెద కాదు. చెదైతే గోడ మీద మట్టి దారులు కనిపిస్తాయి. ఇది పుచ్చు పురుగు. పైకి గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలే తప్ప ఇంకేమీ తెలియదు. కింద మంచం మీద మైదాలా మెత్తటి పొడి రాలుతుంది. దులిపేస్తే మళ్లీ రాలుతుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే మంచి వాసంలోకి మొన దిగదు, పుచ్చినదాంట్లో అంగుళం దాకా దిగిపోతుంది.

తాటికర్ర గురించి తెలియనివారికి ఒక్క మాట. టేకులోనో మద్దిలోనో చేవ నడిమధ్యన ఉంటుంది. తాడికి అది తిరగబడి ఉంటుంది. బయటి వైపు నల్లటి నార దట్టంగా, గట్టిగా, లోపలికి పోయేకొద్దీ తెల్లగా, మెత్తగా. ముదురు చెట్టు మొదలు వైపు పదిహేను, ఇరవై అడుగులే వాసానికి పనికొస్తుంది. పైముక్క వంటచెరకే. కోత మొహం మీద నల్ల చుక్కలు ఒకదానికొకటి ఆనుకుని కనీసం రెండంగుళాల మందాన కనిపించాలి. లేత చెట్టుకు ఆ చుక్కలు ఎడంగా, గోధుమరంగులో ఉంటాయి. మధ్యనున్న మెత్తటి భాగంలో పిండిపదార్థం ఎక్కువ. పురుక్కి కావలసిందదే.

మాకు సరుకిచ్చిన కలప వర్తకుడు ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసినవాడే. ముదురు చెట్ల మొదళ్లకు కట్టే ధరే కట్టాం. వాసాలు దిగేటప్పటికే కొసలకు తారు పూసి ఉంది. గోడలో దిగే కొసకు తారు పూయడం ఇక్కడ అందరూ చేసేదే. కానీ ఈ వాసాలకు తారు కోత మొహాల మీద కూడా మందంగా పట్టించి ఉంది. ఇప్పుడు ఆ తారు గీకి చూస్తే నల్ల చుక్కలు అరంగుళం మందాన కూడా లేవు. సగానికి సగం చెట్టు పైముక్కలు. అడిగితే, "ముదురు తాటిచెట్లు ఎక్కడున్నాయండీ, అన్నీ లేఅవుట్లకు కొట్టేశారు కదా" అన్నాడు. అది నిజమే, గట్ల మీద తాటిచెట్లు ఏటా తగ్గిపోతున్నాయి. లేవని ముందే చెబితే ఆగేవాళ్లం. తారు పూసి పంపడం దేనికి? డబ్బు తిరిగివ్వలేదు, ఇస్తాడన్న ఆశా లేదు. తాటితోపుల మధ్య ఉంటూ తాటివాసం దగ్గరే మోసపోవడం మాత్రం మింగుడు పడడం లేదు.

షీటు మాటకొద్దాం. షీటు తేలిక. పెంకుకు ఏటేటా చేసే సర్దుబాటు దానికి అక్కర్లేదు. వారంలో పని ముగిసిపోతుంది, సంక్రాంతి అద్దె మా చేతికొస్తుంది. లెక్కగా చూస్తే అదే మంచిది. ఈ నిర్ణయం దగ్గరే చాలా మల్లగుల్లాలు పడ్డాం. చివరికి వద్దనుకున్నాం. ఉప్పుగాలిలో షీటుకు తుప్పు మొదలయ్యేది స్క్రూ దిగిన చోట, కోసిన అంచుల దగ్గర. అక్కడ పైపూత తెగుతుంది. స్క్రూ కింది రబ్బరు వాషరు ఎండకు పగిలితే నీళ్లు అక్కడే నిలుస్తాయి. బిగువు తగ్గిన షీటు తుఫానుకు మొత్తంగా లేచిపోతుంది, ఎవరి మీద పడుతుందో చెప్పలేం. పెంకైతే లేచినచోటే లేస్తుంది, మర్నాడు అక్కడే సర్దుకోవచ్చు. ఏప్రిల్ మధ్యాహ్నం షీటు కింద పిల్లల్ని పడుకోబెట్టి చూడండి, మిగతాది మేం చెప్పక్కర్లేదు. ఇనుప పైపుల మీద పెంకు వేయమన్నారు కొందరు. పైపు లోపలికి రంగు పోదు, తుప్పు అక్కడి నుంచే తింటుంది. దీన్ని మొండితనం అనుకున్నా సరే, గూనపెంకే (అర గొట్టంలా వంపు తిరిగిన మట్టి పెంకు) వేస్తున్నాం.

"జాకీలు పెట్టి ఈ ఒక్క పండగా నెట్టుకురండి, మేం సర్దుకుంటాం" అన్నవారి అభిమానానికి దండం. కానీ గూనపెంకు రెండు వరసల కప్పు, తడిస్తే బరువు ఇంకా పెరుగుతుంది. పుచ్చిన వాసం ముందుగా చెప్పి విరగదు. దాని కింద ఎవరినీ పడుకోనివ్వం.

ఆలస్యం దేనికంటే, డిసెంబరు దాకా వాయుగుండాల భయం, కప్పు విప్పకూడదు. పెంకు పని తెలిసినవాళ్లు ఆ రోజుల్లో కోతల్లో, నూర్పుల్లో ఉంటారు. పండగ వెళ్లాకే చేతికి దొరుకుతారు. ఈసారి చెట్టు నిలబడి ఉండగానే చూసి, మా ముందే కొట్టించాం. చీల్చిన వాసాలు చెరువులో నానుతున్నాయి. మూడు, నాలుగు వారాలు నానితే పిండిపదార్థం చాలావరకు పోతుంది. తర్వాత నీడన ఆరాలి. ఆరాక పలాస నుంచి తెచ్చిన జీడినూనె (జీడిపిక్క తొక్క నుంచి తీసేది) రెండు పూతలు, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. రీపర్లు (పెంకు ఆనే అడ్డ బద్దలు) కొట్టేటప్పుడు ముందు డ్రిల్లుతో బెజ్జం వేసి మేకు దించాలి, లేకపోతే తాటికర్ర నార వెంట చీలిపోతుంది.

పాత పెంకుల్లో మంచివి ఏరి మళ్లీ వాడతాం. వేలితో కొడితే ఖంగుమన్నది ఉంచుతాం, మొద్దుగా పలికింది పక్కన పడేస్తాం. తక్కువ పడినవి పడగొడుతున్న పాత ఇళ్ల నుంచి కొంటున్నాం. కొత్త గూనపెంకు కాల్చే బట్టీలు ఇప్పుడు వెతికినా దొరకడం లేదు. వాలు మాత్రం పాతదే, మూడడుగుల అడ్డానికి రెండడుగుల ఎత్తు. అంతకంటే పడుకోబెడితే గాలివానకు నీళ్లు ఎదురెక్కుతాయి. చూరు వరస, కొప్పు, రెండు అంచులు సున్నంలో కూర్చుతాం. గాలి ముందుగా లేపేది అక్కడే. మధ్య పెంకు వదులుగానే ఉండాలి.

లోపలి గోడల మీద పొక్కుల గురించి కూడా కొందరు అడిగారు. అది తేమ లీకు కాదు, ఏళ్ల తరబడి పశువుల మూత్రం ఇంకిన ఉప్పు పైకి రావడం. సిమెంటు పూతేసి మూస్తే ఇంకా ఎత్తుకు ఎక్కుతుంది. ఏటా గీకి సున్నం కొట్టడమే మందు, అదే చేస్తాం.

జీడినూనె పచ్చిగా ఉంటే చర్మం పొక్కుతుంది, ఆరాక భయం లేదు. అయినా చేతికి అందే నిట్రాటలకు (నిలువు స్తంభాలకు) ఆ నూనె పూయం, వాటికి ఆముదమే. వాసన మాత్రం కొన్ని వారాలు ఉంటుంది. వాసన పడనివారు ఉగాదికి కాకుండా మే నెలకు మార్చుకోండి. ఏ తేదీ కావాలో, ఎంతమందో, అటక కావాలో అక్కర్లేదో ఈ నెలాఖరులోగా వాట్సాప్‌లో పెడితే పాతవారికే ముందు కేటాయిస్తాం. అద్దె పెంచడం లేదు.