బి మండలం వాళ్ళ సంగతి

ఒసేయ్ చిట్టీ,

నీ ఉత్తరాలు అందాయి. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు ఎంత తిట్టినా పడతాను. కోర్సువర్కు పరీక్షలు, సర్వే ఫారాలు, అమ్మ మోకాలి నొప్పి, వీటితోనే సరిపోయింది. అమ్మ ఇప్పుడు బాగానే నడుస్తోంది. తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. మిగతా కబుర్లు కలిసినప్పుడు. ఈ ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పేయాలి.

నిన్న నా సెమినార్ అయింది, వులిమిరి రామలింగస్వామి గారి పరిశోధన మీద. ముందు వరసలో ఒకాయన అచ్చం మన 'లీటరు నీళ్ళు' సారులాగే తలూపుతూ కూర్చున్నాడే! నువ్వు పక్కనుంటే ఇద్దరం నవ్వాపుకోలేక బయటికి పోయేవాళ్ళం.

మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, కూనూరు పోషకాహార ప్రయోగశాలలో చేరారాయన. అదే తర్వాత 1958లో హైదరాబాద్ వచ్చింది, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. నేను రోజూ ఆ గేటు ముందునుంచే బస్సులో వెళ్తున్నా ఈ సంబంధం ఇన్నాళ్ళూ తెలియలేదు. అసలు ఆయన పాథాలజిస్టు, అంటే జబ్బు వల్ల శరీరంలో వచ్చే మార్పులని పరీక్షించి చూసే డాక్టరు. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే జీవితం హాయిగా గడిచిపోయేది. కానీ హిమాలయాల కింద కాంగ్రా లోయకి వెళ్ళారు. అక్కడి మట్టిలో, నీళ్ళలో అయోడిన్ చాలదు. అందుకే చాలామందికి గొంతు దగ్గర వాపు, గాయిటర్. వాపు ఒక్కటే అయితే సరే అనుకోవచ్చు. కడుపులో ఉన్నప్పుడే అయోడిన్ అందని బిడ్డకి బుద్ధి ఎదగదు, కొందరికి మాట రాదు, చెవుడు కూడా... రాస్తుంటేనే ఎలాగో ఉంది.

1956లో లోయని ఎ, బి, సి అని మూడు మండలాలు చేశారు. లక్షకి పైగా జనం. ఒక చోట పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, ఒక చోట పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు (రెండూ అయోడిన్ అందించేవే), బి మండలంలో పోలిక కోసం మామూలు ఉప్పు. ఉప్పే ఎందుకంటే, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ రోజూ తింటారు, తినే కొలత కూడా పెద్దగా మారదు. మాత్రలైతే ఎంతమంది మింగుతారు చెప్పు? మొదట్లో ప్రతి వంద మందిలో దాదాపు 38 మందికి గాయిటర్ ఉండేది. 1962లో చూస్తే అయోడిన్ అందిన రెండు చోట్లా సుమారు సగానికి పడిపోయింది. బి మండలంలో తగ్గనే లేదు. ఆ ఏడాదే దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు మనం కూరలో వేసుకునే ఉప్పు వెనక ఇంత ఉంది.

ఇదంతా చెప్పి ముగించబోతుంటే, మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతి లేచి, "మేడమ్, మరి బి మండలం వాళ్ళ సంగతేంటి?" అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. బి మండలానికి కూడా తర్వాత అయోడిన్ ఉప్పు ఇచ్చారనీ, అక్కడా గాయిటర్ తగ్గిందనీ చెప్పాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. "ఆ మధ్యలో పుట్టిన పిల్లలు?" అంది.

చిట్టీ, రాత్రంతా అదే. ఆ పోలిక లేకపోతే ఉప్పు వల్లే తగ్గిందని ఏ ప్రభుత్వమూ నమ్మేది కాదు, కోట్ల మందికి అందేదీ కాదు. ఇది నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. అయినా ఆ ఇళ్ళలో ఒక తల్లి... సరే, వద్దులే.

నాకు ఆయన మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది. ఎయిమ్స్ డైరెక్టరయ్యారు, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతయ్యారు, అంత ఎత్తుకెళ్ళాక కూడా ఆకలి గురించి అడగడం మానలేదు. 75వ ఏట, 1996లో, మరో ఇద్దరితో కలిసి యునిసెఫ్ కోసం ఒక వ్యాసం రాశారు. ఆఫ్రికా పిల్లలకన్నా దక్షిణాసియా పిల్లల్లోనే పోషకాహార లోపం ఎందుకెక్కువ అని. తిండి ఒక్కటే కాదు, ఇక్కడి ఆడవాళ్ళ బతుకు ఎలా ఉందో చూడమన్నారు. తల్లి బలహీనంగా ఉంటే బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది, లోపం అక్కడే మొదలవుతుంది. పరిశోధన అంటే పేపర్లు లెక్కపెట్టుకోవడం అనేవాళ్ళకి ఈ మనిషిని చూపించాలి.

ఇప్పుడు నా సంగతి. రక్తహీనత మీద నా అధ్యయనంలో కూడా ఒక బడికి ఐరన్‌తో పాటు ఆహార పాఠాలు, ఇంకో బడికి పోలిక కోసం ఏమీ లేదు. పొద్దున్నే ప్రపోజల్ తిరగరాశాను. లెక్కలు పూర్తవగానే రెండో బడి పిల్లలకీ అవన్నీ ఇవ్వాలి. మొదట్లోనే తీవ్రమైన రక్తహీనత కనిపించిన పిల్లని ఏ బడిదైనా సరే వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి, అధ్యయనం ముగిసేదాకా ఆరు నెలలు ఆగకూడదు. గైడ్ మేడమ్ చదివి, "డబ్బులు చాలవమ్మా" అన్నారు. చాలేలా చేస్తానన్నాను. ఎలాగో ఇంకా తెలీదు, నీ బుర్ర కావాలి. నువ్వు ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేస్తున్నావు కదా, రక్త పరీక్షలు తక్కువలో చేసేవాళ్ళెవరైనా తెలుసా? కనుక్కుని వెంటనే రాయి. ఇంకో సంగతి, మన 'గోడ మీద పిల్లి' పెళ్ళి... అయ్యో, ఎథిక్స్ కమిటీ వాళ్ళు పిలుస్తున్నారే, పరిగెత్తాలి.

నీ
బుజ్జి