కొరియా సంగీతమంటే కె-పాప్ ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో కొరియా సంగీతం మీద వ్యాసం వేశారు. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. రెండు పేజీల నిండా కె-పాప్ కుర్రాళ్ల జుట్టు రంగులూ, అభిమానుల కేరింతలే. చివర్లో ఒక్క వాక్యం: 'కొందరు ఫ్యూజన్ ప్రయోగాలు కూడా చేస్తున్నారు'. ఆ కొందరికి పేర్లు లేవా?

2018 శీతాకాల ఒలింపిక్స్ ముగింపు వేడుకలో వాయించిన జాంబినాయి బృందాన్ని సంప్రదాయ సంగీతం చదువుకున్న ముగ్గురు 2009లో మొదలుపెట్టారు. రెండు తీగల హేగుమ్, ఊదే పిరి, గొమున్‌గో, పక్కనే ఎలక్ట్రిక్ గిటార్. యూరప్‌లో మెటల్ సంగీత ఉత్సవాల దాకా వెళ్లారు. మీరు వేసిన ఫొటోలో ఉన్నది ఆ గొమున్‌గోయే. సన్నటి వెదురు పుల్లతో వాయించే ఆరు తీగల వాద్యం. దాని కింద 'కొరియా వీణ' అని రాసి చేతులు దులుపుకున్నారు.

లీనల్చి బృందం ఊసే లేకపోవడం మరీ బాధనిపించింది. 2020లో కొరియా పర్యాటక సంస్థ ప్రచార వీడియోలతో వాళ్ల పులి పాట ప్రపంచమంతా తిరిగింది. రెండు బేస్ గిటార్లు, డ్రమ్స్, మిగతావాళ్లంతా పాన్సోరి గాయకులు. పాన్సోరి అంటే ఒక గొంతు, ఒక డోలు, గంటల తరబడి కథ. హరికథ విన్నవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. జబ్బుపడిన సముద్రపు రాజుకు కుందేలు కాలేయం కావాలి. వెతుక్కుంటూ ఒడ్డుకొచ్చిన తాబేలు, నోరు తిరగక కుందేలుకు బదులు పులిని పిలుస్తుంది. ఆ పులి దిగివచ్చే ఘట్టమే ఈ పాట. తర్వాత కుందేలు, కాలేయం ఇంటి దగ్గరే వదిలొచ్చానని చెప్పి బయటపడుతుంది. మన కోతి, మొసలి కథే కదండీ! జాతక కథల నుంచి బౌద్ధంతోపాటు అక్కడికి చేరిందంటారు. తెలుగు పాఠకులకు ముందు చెప్పాల్సింది ఇది కాదా?

పోనీ ఇదంతా నిన్నమొన్నటి ఫ్యాషనా అంటే, స్వరకర్త ఈసాంగ్ యున్ కొరియా ఆస్థాన సంగీతపు నాదాన్ని పాశ్చాత్య ఆర్కెస్ట్రాతో పలికించి 1966లోనే జర్మనీలో వినిపించారు. మరుసటి ఏడాది సొంత దేశపు గూఢచారులే ఆయన్ని బెర్లిన్ నుంచి ఎత్తుకెళ్లి జైల్లో పెట్టారు. 1995లో బెర్లిన్‌లోనే పోయారు. అస్థికలు ఆయన పెరిగిన టోంగ్యోంగ్‌కు చేరింది 2018లో.

మిమ్మల్నొక్కరినే అని లాభం లేదు. పోయినేడాది హైదరాబాద్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు ఒక హేగుమ్ కచేరీకి వెళ్లాను. ఆరున్నరకన్నారు. ఏడుంముప్పావు దాకా అధికారుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు. పాపం ఆ కొరియా అమ్మాయి వాద్యం పట్టుకుని పక్కన నిలబడే ఉంది. ఆ సన్నని, గరుకు నాదం వినాలంటే హాలు నిశ్శబ్దంగా ఉండాలి. ముఖ్య అతిథి మధ్యలో లేచారు, ఆయన వెనకే సగం హాలూ లేచింది. మర్నాడు నేను చూసిన పేపర్లలో శాలువా ఫొటోలే. ఆమె ఏం వాయించిందో ఒక్క ముక్క లేదు. ఇంత దూరం నుంచి వచ్చిన కళాకారిణికి మనమిచ్చే మర్యాద ఇదేనా?

ముందు ఆ ఫొటో వ్యాఖ్య సరిదిద్దండి. ఈ సంగీతం గురించి ఇంకో వ్యాసం వేయండి. ఈసారి రాసేవాళ్లను ఒక్క గంటైనా విని రాయమనండి.

– ఒక విశ్రాంత సంగీత ఉపాధ్యాయురాలు, విజయనగరం