జాకెట్ కన్నా ముందు బూట్లు

సంపాదకులకు,

రైఫిల్ షూటింగ్‌లో పిల్లలను చేర్పించిన తల్లిదండ్రులు ముందుగా ఆరా తీసేది జాకెట్ గురించే. అది ఎంత బిగుతుగా, ఎంత బిర్రుగా ఉంటే తుపాకీ అంత నిలకడగా ఉంటుందని ఒక నమ్మకం పాతుకుపోయింది. డబ్బంతా దానికే పోసి, కాళ్లకు మాత్రం ఇంట్లో ఉన్న రన్నింగ్ షూ తొడిగి పంపేస్తారు. ఈ వరుస తిరగబడాలి. నిలబడి కాల్చేటప్పుడు మనిషి బరువు, తుపాకీ బరువు కలిసి చివరికి దిగేది రెండు పాదాల మీదికే. అక్కడ కుదురు లేకపోతే పైన ఏం తొడిగినా లాభం ఉండదు.

రన్నింగ్ షూ పరుగు కోసం తయారైంది. దాని అడుగు భాగం మెత్తగా ఉంటుంది, మడమ ఎత్తుగా ఉంటుంది, ముందు భాగం పైకి వంగి ఉంటుంది. దాని మీద కదలకుండా నిలబడబోతే పాదం ఆ మెత్తదనంలోకి దిగుతూనే ఉంటుంది, చీలమండ కండరాలు క్షణం తీరిక లేకుండా సర్దుకుంటూనే ఉంటాయి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. కంటికి కనపడని ఆ ఊగులాట టార్గెట్ మీద స్పష్టంగా తెలిసిపోతుంది. షూటింగ్ షూకి ఉండాల్సింది చదునైన, గట్టి అడుగు. మడమకూ వేళ్లకూ మధ్య ఎత్తు తేడా లేకపోవడం. చీలమండ పక్కలకు ఒరగకుండా పట్టే పైభాగం.

గట్టి అడుగు అన్నాం కదా అని చెక్కలాంటిది కొంటే మరో చిక్కు. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నిబంధనల ప్రకారం షూను పరికరంలో బిగించి మడమ దగ్గర 15 న్యూటన్ మీటర్ల బలం ప్రయోగించినప్పుడు అడుగు కనీసం 22.5 డిగ్రీలు వంగాలి. వేళ్ల దగ్గర అడుగు మందం 10 మి.మీ., పైభాగం మందం 4 మి.మీ. దాటకూడదు. షూ ఎత్తు దాని పొడవులో మూడింట రెండు వంతులకు మించరాదు. లోపల వేసే ఇన్‌సోల్ కూడా వంగాలి. షూటర్ రేంజ్‌లో మడమ నుంచి వేళ్ల దాకా మామూలుగా అడుగు వేస్తూ నడవగలగాలి. బాతు నడక నడిస్తే అధికారి ఆపుతారు. ఎవరో వాడి వదిలేసిన పాత జత చవకగా దొరికిందంటే ముందు చూడాల్సింది ఈ వంపునే.

సైజు సాయంత్రం పూట చూసుకోండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పోటీలో వేసుకునే సాక్స్‌తోనే చూడాలి. ఒక రోజు పలచనివి, మరో రోజు మందపువి వేస్తే పాదం కింద పట్టే మారిపోతుంది. వేళ్లు ముడుచుకోకుండా నేల మీద చదునుగా పరుచుకోవాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. స్టాండింగ్‌లో, అంటే నిలబడి కాల్చేటప్పుడు, లేసులు చీలమండ దాకా బిగించి కట్టుకోవచ్చు. నీలింగ్‌లో, అంటే ఒక మోకాలు నేలకు ఆనించి కాల్చేటప్పుడు, అలా కుదరదు. కుడిచేతి షూటర్ కుడి పాదం రోల్ (చీలమండ కింద పెట్టుకునే గుండ్రటి దిండు) మీద వంగి, ఒంటి బరువు మడమ మీద పడుతుంది. లేసులు బిగుతుగా ఉంటే కొద్ది నిమిషాల్లోనే పాదం తిమ్మిరెక్కుతుంది, షూటర్ కదులుతాడు, కట్టుకున్న పొజిషన్ అక్కడితో చెదిరిపోతుంది. ఆ కాలికి పై రెండు మూడు రంధ్రాల లేసు వదులు చేస్తే సరిపోతుంది. ప్రోన్‌లో, అంటే బోర్లా పడుకుని కాల్చేటప్పుడు, పాదాల మీద బరువు ఉండదు కాబట్టి ఇంత ఆలోచన అక్కర్లేదు.

అంత ఖర్చు పెట్టి కొన్న షూ వేసుకుని పార్కింగ్ దాకా నడిచి వెళ్లేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నడిస్తే అంచులు అరిగి గుండ్రబడతాయి, అడుగున ఇసుక రేణువులు దిగుతాయి. సంచిలో తెచ్చుకుని ఫైరింగ్ పాయింట్ దగ్గర తొడుక్కోవాలి. అనుమానం వస్తే నున్నటి టైల్ మీద షూ పెట్టి అంచుల కింద కాగితం దూర్చి చూడండి. కొత్తలో దూరని చోట ఇప్పుడు దూరుతుంటే అడుగు అరిగినట్టే.

ఇక జాకెట్. దుకాణంలో అద్దం ముందు చేతులు వేలాడేసి చూసుకుంటే ఏమీ తెలియదు. లోపల వేసుకునే బనియన్‌తో సహా తొడిగి, తుపాకీ ఎత్తి స్టాండింగ్ పొజిషన్‌లో ఐదు నిమిషాలు నిలబడాలి. ఎడమ మోచేయి పక్కటెముకల మీదో తుంటి మీదో ఆనే చోట బట్ట ముద్దగా పోగుపడుతోందా? భుజం దగ్గర బట్ ప్లేట్ (తుపాకీ భుజానికి ఆనే వెనక భాగం) కింద ముడత వస్తోందా? వస్తే ప్రతి షాట్‌కూ తుపాకీ కొత్త చోట కూర్చుంటుంది. ప్రోన్‌లో పడుకుని కూడా చూడాలి. జాకెట్ పైకి జరిగి మెడను నొక్కితే తల తుపాకీ మీద నిటారుగా ఆనదు. ఎడమ పై చేతిలో స్లింగ్ (తుపాకీని చేతికి కలిపే పట్టీ) కింద ఒక్క మడత ఉన్నా నాడి కొట్టుకోవడం సైట్‌లో కనిపిస్తుంది.

జాకెట్, ట్రౌజర్ బట్ట మందం ఒక పొరగా 2.5 మి.మీ., రెండు పొరలుగా 5 మి.మీ. దాటకూడదు. లోపలి దుస్తులకూ ఇదే పరిమితి. బిర్రుతనం కొలవడానికి 60 మి.మీ. సిలిండర్ మీద బట్ట పరిచి 1000 గ్రాముల బరువుతో నొక్కుతారు, కనీసం 3 మి.మీ. దిగాలి. సరిగ్గా 3 దగ్గర ఆగే బట్టను కొనకండి. వెచ్చటి గదిలో ఈ పరీక్ష గట్టెక్కిన జాకెట్ ఏసీ హాల్లో బిగుసుకుని తప్పడం ఉంది. కొద్దిగా మెత్తనిది తీసుకుంటే పోయేదేమీ లేదు, పరీక్ష దగ్గర గుండెదడ తప్పుతుంది.

ఎక్కువమంది తడబడేది వదులు కొలత దగ్గర. బొత్తాలు మామూలుగా పెట్టుకునే చోటు దాటి ముందు భాగాలు ఒకదాని మీదికి మరొకటి కనీసం 70 మి.మీ. రావాలి, బొత్తం మధ్య నుంచి కాజా బయటి అంచు దాకా లెక్క. పరికరంతో 6 నుంచి 8 కిలోల బలంతో లాగి చూస్తారు. నిరుడు గట్టెక్కిన జాకెట్ ఈ ఏడు తప్పిందంటే తప్పు బట్టది కాకపోవచ్చు. పిల్లవాడి ఛాతీ పెరిగి ఉంటుంది, లేదా లోపల మందపు స్వెటర్ వేసుకుని ఉంటాడు. చాలా జాకెట్లలో బొత్తాలు విప్పి జరపవచ్చు. రెండు మూడు నెలలకోసారి టేపుతో చూసుకుని జరిపితే చాలు. ఎదిగే పిల్లలకని రెండు సైజులు పెద్దది కొనడం వల్ల మాత్రం నష్టమే, ముడతలన్నీ సరిగ్గా ఎడమ నడుము దగ్గరే చేరతాయి.

ట్రౌజర్ తుంటి ఎముక పై అంచు నుంచి 50 మి.మీ. మించి పైకి రాకూడదు. బెల్టు వెడల్పు 40 మి.మీ., మందం 3 మి.మీ. లోపు ఉండాలి. కింద అంచులు షూ మీద కుప్పపడితే పాదం నేలను పట్టిన తీరు తెలియదు. లోపల జీన్స్ వద్దు. దాని కుట్లు మోకాలి వెనక కోసుకుంటాయి. ఒంటికి అతుక్కుని జారకుండా ఉండే, మోచేతుల దగ్గర కుట్లు లేని పలచటి పొడుగు చేతుల బనియన్ మేలు. కాలరూ, జేబూ, బొత్తాలూ ఉన్న చొక్కా పనికిరాదు. చెమటకు తడిస్తే మార్చుకోవడానికి మరొకటి దగ్గర ఉంచుకోవాలి. గ్లౌజ్ మందం ముందూ వెనకా కలిపి 12 మి.మీ. దాటకూడదు; మణికట్టు దగ్గర పట్టీ ఉన్నది చెల్లదు.

ఈ అంకెలు సవరణలకు లోబడినవి. కొనే ముందు ప్రస్తుతం అమల్లో ఉన్న నిబంధనల పుస్తకం తెరిచి చూసుకోవాలి, అమ్మేవారి మాట మీద ఆధారపడకూడదు.

పోటీల నిర్వాహకులకు ఒక విన్నపం. జూనియర్ పోటీల్లో మందం, బిర్రుతనం కొలిచే పరికరాలను పోటీ రోజు ఉదయం మాత్రమే బయటికి తీస్తే, తప్పిన పిల్లలకు బొత్తం జరుపుకునే వ్యవధి కూడా ఉండదు. ముందు రోజు మధ్యాహ్నం రెండు గంటల పాటు వాటిని అందుబాటులో ఉంచి, ఎవరైనా వచ్చి కొలిపించుకునే వీలు కల్పించండి. ఆ బల్ల దగ్గర సూదీ దారం, ఒక స్క్రూడ్రైవర్ కూడా పెట్టండి.

— ఒక రైఫిల్ షూటింగ్ శిక్షకుడు